రుక్మిణమ్మ ఒక్కపొద్దులు

కిషన్‌బాగ్‌లో రాహేలు వాళ్ల ఇంటికీ రుక్మిణమ్మ వాళ్ల ఇంటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒకటి ఉండేది. పేరుకే గోడ. దాని మీద నుంచి రోజూ ఏదో ఒకటి అటూ ఇటూ పోతూనే ఉండేది. అటు నుంచి ఇటు పులిహోర వచ్చేది, పండుగైతే భక్ష్యాలు వచ్చేవి, ఏ పండుగా లేకపోయినా బుద్ధి పుడితే గిన్నెడు పచ్చిపులుసు వచ్చేది. ఇటు నుంచి అటు మాత్రం నిమ్మకాయలు, కరివేపాకు, పెరట్లో పూసిన కనకాంబరాలు పోయేవి. ఉడికినది గానీ, వేగినది గానీ, పొయ్యి మొహం చూసినది ఏదీ ఆ గోడ దాటి అటు పోలేదు. పోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది? ఏసుప్రభువును నమ్ముకోకముందు రాహేలు తాతలు ఏ కులంవాళ్లో, ఏ వాడలో ఉండేవాళ్లో గల్లీ అంతటికీ తెలుసు. తెలిసినదాన్ని పైకి అనకుండా ఉంటే అదే పెద్ద మర్యాద అనుకునే రోజులు.

అలాగని రుక్మిణమ్మ చెడ్డ మనిషనుకునేరు! రాహేలుకు నొప్పులొచ్చిన రోజు, మొగుడు ఇస్సాకు ఆర్టీసీ డిపోలో బస్సు కింద పడుకుని బోల్టులు బిగిస్తూ ఉంటే, రిక్షా పిలిచింది రుక్మిణమ్మే. రాహేలు తల ఒళ్లో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రిక్షావాణ్ని తిట్టిపోస్తూ దవాఖానకు తీసుకుపోయిందీ ఆవిడే. పుట్టిన పిల్లను నర్సు చేతిలోంచి మొదట అందుకున్నదీ ఆవిడే. ఇంటికొచ్చి నెత్తిన నీళ్లు పోసుకుని గానీ లోపలికి పోలేదు, అదీ నిజమే. ఏ మాటకామాట చెప్పుకోవాలి కదా.

ఆ పిల్లే లీలమ్మ. రుక్మిణమ్మను అవ్వా అని పిలుస్తూ, సగం ఆ గోడ మీదే కూర్చుని పెరిగింది.

రాహేలు పెళ్లికి ముందు మిషన్ హాస్టల్ వంటింట్లో పనిచేసింది. కేకు చేయడం అక్కడే పట్టుబడింది. ఏటా కార్తీకమాసంలో లీలమ్మ పుట్టినరోజుకు పిండి కలిపి, రేకు డబ్బాలో పోసి, జహంగీర్ భాయ్ బేకరీకి పట్టుకుపోయేది. పొద్దున బ్రెడ్డు, బన్ను కాల్చేశాక భట్టీలో మిగిలిన వేడి మీద ఆయన వీళ్ల డబ్బాలు పెట్టి ఇచ్చేవాడు. చుట్టుపక్కల కిరస్తానీ ఇళ్లన్నిటికీ అదే అలవాటు. కేకు వచ్చాక రాహేలు దాని మీద తెల్లటి ఐసింగ్ పూసి, మొదటి ముక్క కోసి, గోడ దగ్గరికి తీసుకుపోయేది. రుక్మిణమ్మ లాడ్ బజార్ నుంచి తెప్పించిన గాజులు పిల్ల చేతికి తొడిగి, తలమీద అక్షింతలు వేసి, ముక్క వంక ప్రేమగానే చూసి, "ఇయ్యాల నాకు ఒక్కపొద్దు బిడ్డా. అండ్ల గుడ్డు గూడ ఉంటది గద. మీరు తినుండ్రి" అనేది. ఒక ఏడు కార్తీక సోమవారం అంది. ఇంకో ఏడు నాగులచవితి అంది. కార్తీకమాసంలో ఒక్కపొద్దులకేం కరువు? రాహేలు కూడా "అట్లనా పెద్దమ్మా, పోనియ్" అని ముక్క వెనక్కి తెచ్చేసేది. ఇద్దరికీ నొప్పి లేకుండా అలా జరిగిపోయేది.

ఎనిమిదో పుట్టినరోజు ఇంకా వారం ఉందనగా లీలమ్మ గోడ మీద కూర్చుని కాళ్లూపుతూ అడిగేసింది.

"అవ్వా, నా పుట్టినరోజు ఎప్పుడొచ్చినా నీకు ఒక్కపొద్దే వస్తదేంది?"

బియ్యం చెరుగుతున్న రుక్మిణమ్మ చేట ఆగింది. "ఒక్కపొద్దొక్కటే గాదే. అండ్ల గుడ్డుంటది. మేం గుడ్డు తినం గద."

"గుడ్డు లేకుంట చేస్తే తింటవా?"

"చేస్తే తింట. ఎందుకు తినను?"

నోట్లోంచి ఊడిపడిపోయిన మాట అది. గోడకు ఇవతల గిన్నెలు తోముతున్న రాహేలు తలెత్తి చూసింది. లీలమ్మ మాత్రం గోడ మీద నుంచి దూకి, "అమ్మా! అవ్వ నా కేకు తింటదంట!" అని గల్లీ దద్దరిల్లేలా అరుచుకుంటూ వచ్చింది.

ఆ రాత్రి ఇస్సాకు అన్నం తినేశాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు.

"గుడ్డు లేకుంట కేకు కాదని చెప్పు పొల్లకు. అయిపోతది."

"ఎందుకయ్యా?"

"ఎందుకేంది రాహేలూ? ఇన్నేండ్ల సంది గా గుడ్డే రెండిండ్ల ఇజ్జత్ కాపాడుతున్నది. గుడ్డుంది గాబట్టి ఆమె తినలే, మనం బాధపడలే. అది తీసేసి పెట్టినంక గూడ ఆమె తినలేదనుకో. ఇగ మధ్యల ఏముందో లీలమ్మకు గూడ కనబడ్తది. గింత చిన్నప్పుడే దానికి తెల్వాల్నా?"

అతను అన్నది నిజం. రాహేలుకు భయం వేసింది కూడా నిజం. కానీ ఇంకొక నిజం ఉంది, అది ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. నొప్పులతో మెలికలు తిరుగుతున్న తన తల ఒళ్లో పెట్టుకున్న మనిషి తన చేతి ముద్ద ఒక్కసారైనా తినాలని ఆమెకు ఎన్నేళ్లుగానో ఆశ. ఆశ అనేది సిగ్గులేనిది, ఎన్నిసార్లు అణిచినా మళ్లీ లేస్తుంది.

మూడు రోజులకు గోడ మీద ఒక గంప కనిపించింది. రుక్మిణమ్మ కొడుకు వెంకటనారాయణది అరటిపండ్ల మండీ. తండ్రి చనిపోయిన దగ్గర్నుంచి అతనే చూసుకుంటున్నాడు. గెలలు మాగబెట్టే గది ఇంటి వెనకే. ముసురు పట్టి బేరాలు లేక గదిలో పండ్లన్నీ మిగల మాగిపోయి, తొక్కలు నల్లబడి, చేత్తో పట్టుకుంటే జారిపోయేటట్టు తయారయ్యాయి. "అమ్మేటందుకు పనికిరావు బిడ్డా. పొల్లకు గుల్గులాలన్న చేసి పెట్టు" అంది రుక్మిణమ్మ అవతల నుంచి.

రాహేలు ఆ తీపి బోండాలు వేయడానికే కూర్చుంది. పండ్లు పిసికి, గోధుమపిండి, బెల్లం వేసి కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపింది. పిండి వేళ్లకు జిగురుగా పట్టుకుంది. నూనెలో వేస్తే ఉండ విరగలేదు, పొంగింది, లోపల మెత్తగా ఉడికింది. దీంట్లో గుడ్డెక్కడుంది? పండే పట్టుకుంటున్నది కదా! రాహేలు వేడి గుల్గులా నోట్లో వేసుకుని, నాలుక కాలి, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే నవ్వుకుంది.

"గుడ్డు లేకుంట అయితది పెద్దమ్మా" అని గోడ దగ్గరికి పోయి చెప్పింది.

రుక్మిణమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది. లోపలికి పోయి, పొద్దున చిలికిన వెన్న కంచు గిన్నెలో తెచ్చి గోడ మీద పెట్టింది. "పైన పూస్తవు గద, అండ్లకు" అని మాత్రం అంది.

పుట్టినరోజు పొద్దున్నే రాహేలు తలస్నానం చేసి మొదలుపెట్టింది. నల్లబడ్డ పండ్లు వలిచి మెత్తగా పిసికింది. రేషన్‌లో వచ్చిన చక్కెర మిగిల్చి ఉంచుకున్నది కలిపింది. మైదా, పుల్లపెరుగు, తినే సోడా వేసింది. ఐసింగ్ కోసం ఇంకాస్త చక్కెర రోట్లో దంచి, పాత మల్లుబట్టలో జల్లించి, వెన్నలో వేసి నురగ వచ్చేదాకా గిలకొట్టి పెట్టుకుంది. డబ్బా మీద మూత పెట్టి, తువ్వాలు చుట్టి, బేకరీకి పోయింది.

"భాయ్, ఇది జర పైలంగ చూడుండ్రి. పెద్దింటికి పోయేది" అంది.

అంతే అంది. గుడ్డు సంగతి ఎత్తలేదు. ఎత్తితే ఎందుకు వేయలేదో చెప్పాలి, అది చెబితే మిగతాదంతా చెప్పాలి. జహంగీర్ భాయ్ గడ్డం సవరించుకుని, "ఫికర్ మత్ కరో బహెన్. నేనే స్వయంగ చూస్త" అన్నాడు. చూశాడు కూడా మహానుభావుడు!

రాహేలు మళ్లీ పోయేసరికి కేకు డబ్బా అంచు దాటి పొంగి, బంగారు రంగులో నిగనిగలాడుతోంది. జీవితంలో అంత అందమైన కేకు ఆమె ఎన్నడూ చేయలేదు. ఆ అందం చూసే ఆమెకు అనుమానం వచ్చింది.

"దేఖో బహెన్! తొందరల గుడ్లు మర్చిపోయి తెచ్చినవ్ గద. మూత తీసి చూస్తె పిండి మొద్దు లెక్క ఉంది. అరే, పెద్దింటికి పోయేది, మా బహెన్ ఇజ్జత్ పోతదని నా అండలు నాలుగు కొట్టి, గిన్నెల మళ్ల గిలకొట్టి పోసిన. ఎట్లుంది?" అన్నాడు జహంగీర్ భాయ్, మీసాల చాటున మురిసిపోతూ.

ఇప్పుడు ఆయన్ను ఏమనాలి? కోపగించుకోవడానికి ఆయన చేసిన తప్పేముంది? తన పరువు పోతుందని తన గుడ్లు తెచ్చి కలిపాడు. రాహేలు "షుక్రియా భాయ్" అని, తువ్వాలులో కేకు పెట్టుకుని బయటపడింది.

దారిలో ఒక బుద్ధి పుట్టింది. ఎవరికి తెలుస్తుంది? అరటిపండు వాసనలో గుడ్డు వాసన ఎక్కడా లేదు. ఆవిడ తింటుంది, పిల్ల చూస్తుంది, తన ఆశ తీరుతుంది. రెండడుగులు వేసేసరికి ఆ బుద్ధికి తనే సిగ్గుపడింది. నమ్మి నోరు తెరిచిన మనిషికి అలా పెడతారా? మూసీలో పడేసినా మేలే.

ఆ వెంటనే ఇంకొకటి కూడా లోపల కదిలింది, దానికి ఇంకా ఎక్కువ సిగ్గుపడింది. హమ్మయ్య అనిపించింది. గుడ్డు మళ్లీ వచ్చేసింది. ఇవాళ ఏమీ తేలదు. ఎవరి ఇజ్జత్ వాళ్లకు మిగులుతుంది.

ఇంటికి వచ్చేసరికి రుక్మిణమ్మ గోడ దగ్గరే నిలబడి ఉంది, ఉతికిన చీర కట్టుకుని. ఇవతల లీలమ్మ అరటాకు ముక్క ఒకటి కడిగి, తన గౌనుతోనే తుడుస్తోంది. ఆ ఆకు కూడా రుక్మిణమ్మ పెరట్లోదే. అవ్వ ఒకరింటి పళ్లెంలో తినదని ఆ పిల్లకు ఎవరు చెప్పారో! ఎవరూ చెప్పి ఉండరు, పిల్లలు చూస్తారు.

రాహేలు దాచకుండా జరిగిందంతా చెప్పేసింది.

"అయ్యో పాపం!" అంది రుక్మిణమ్మ. "పోనితియ్ బిడ్డా, దానికేముంది? మీరు మంచిగ తినుండ్రి. వచ్చే ఏడు చూస్కుందాం."

ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. ఆవిడ మొహం తేలికపడటం రాహేలు చూసింది. రాహేలు మొహంలోనూ ఆ తేలికే ఉండటం ఆవిడ చూసింది. దొంగతనం చేస్తూ ఎదురుపడ్డవాళ్లలా ఇద్దరూ చప్పున తలలు తిప్పుకున్నారు.

లీలమ్మ ఏడవలేదు. పేచీ పెట్టలేదు. ఆకును మెల్లగా చుట్టి, "ఇగ ఇది మేకకు వేసొస్తనమ్మా" అంది.

పిల్ల ఏడ్చి ఉంటే రుక్మిణమ్మ ఊరడించేది, బెల్లం ముక్క పెట్టేది, వ్యవహారం ముగిసిపోయేది. ఇలా పెద్దదానిలా తలదించుకుని పోతుంటే మాత్రం ఆవిడ ప్రాణం ఉసూరుమంది.

"ఏయ్ పొల్లా, ఆగు! ఆకు నాది. మేకకెట్లేస్తవే?"

లీలమ్మ ఆగింది.

"రాహేలూ, కుంపటి అంటువెట్టు. దాకల ఇసుక పొయ్యి. మండీ గదిల పండ్లు ఇంక మస్తున్నయ్, తెస్తున్న."

"అత్తమ్మా, ఇయ్యాల..." అంటూ లోపలి నుంచి కోడలు నాగమణమ్మ గొంతు వినిపించింది.

"నాకు తెల్సు తియ్! నువ్వు నీ పని చూస్కో" అని కసిరి, రుక్మిణమ్మ ఒళ్లో పండ్లు పోసుకుని బయల్దేరింది.

గోడ మీద నుంచి అందించలేదు. వాకిలి దాటి, వీధి తిరిగి, పంపు దగ్గర ఆడవాళ్లందరూ బిందెలు వదిలేసి నోళ్లు తెరుచుకుని చూస్తుంటే, నడుచుకుంటూ రాహేలు ఇంటికి వచ్చింది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్లుగా అటు నుంచి చూస్తున్నదే గానీ ఈ గడప ఆవిడ ఎన్నడూ తొక్కలేదు. చీర కుచ్చెళ్లు కొంచెం పైకెత్తి, కుడికాలు లోపల పెట్టింది.

రాహేలు పీట వేసింది, పీట తుడిచింది, మళ్లీ వేసింది.

"ఏందే, నేనేమన్న సంబంధం చూసేటందుకు వచ్చిన్నా? కూసో. గింతంత వంటింట్ల ఎట్ల చేస్తున్నవే నువ్వు? పొగ పోయేటందుకు కిటికీ గూడ లేదు" అని సణుగుతూ రుక్మిణమ్మ పీట మీద కూలబడి, పండ్లు వలిచి, గిన్నెలో వేసి, గాజులు వెనక్కి నెట్టి పిసకడం మొదలుపెట్టింది.

డ్యూటీ నుంచి వచ్చిన ఇస్సాకు గుమ్మంలోనే నిలబడిపోయాడు. పెళ్లాన్ని పక్కకు పిలిచి, "మంచిగైంది. మొత్తం ఆమెనే కలపనియ్. ఆమె చేసుకున్న వంటే అయితది, ఆమెకు పట్టింపుండదు" అని గుసగుసలాడాడు. చిన్న ఇల్లు, గుసగుసకు చోటెక్కడిది? రుక్మిణమ్మ చేతులు పైకి తీసేసింది. మోచేతుల దాకా పండు గుజ్జు.

"ఇగ నువ్వు కలుపు రాహేలూ. పొయ్యి మీద నువ్వే పెట్టు. నేను పండ్లే పిసికిన. పొల్లకు నీ చేతి కేకు తింట అన్న, నా చేతిది గాదు."

రాహేలు మైదా పోసింది. కళ్లు మసకబారి ఎంత పోసిందో సరిగ్గా చూసుకోలేదు. సోడా వేసింది, పెరుగు వేసింది, దాకలో వేడెక్కిన ఇసుక మీద డబ్బా పెట్టి, మూత మీద నిప్పులు పరిచింది. రుక్మిణమ్మ విసనకర్ర పట్టుకుని కుంపటి విసురుతూ కూర్చుంది. మధ్యమధ్యలో "అయ్యిందా?" అంటే "ఇంకా లేదు పెద్దమ్మా" అనడం, "మూత తియ్యకే, పొంగేది కూలబడ్తది" అని రాహేలు పిల్లను గదమడం. ఏదైతేనేం, ఇల్లంతా మాగిన పండు, కాలిన చక్కెర వాసనతో నిండిపోయింది.

కేకు ఏమంత బాగా రాలేదు, అబద్ధం ఎందుకు? ఒకపక్క కుంగింది. అడుగున మాడింది. ఆరేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేక వేడి మీదే ఐసింగ్ పూస్తే, వెన్న కరిగి పక్కల నుంచి కారిపోయింది. జహంగీర్ భాయ్ కేకు పక్కన పెడితే ఇది దిష్టి తీసి పడేసిన దానిలా ఉంది. లీలమ్మ దీన్నే ముందు పెట్టుకుని కత్తి పట్టుకుంది. ఆ బంగారు కేకును అప్పటికే గల్లీ పిల్లలు తుడిచిపెట్టేశారు.

అరటాకు మళ్లీ పరిచింది లీలమ్మ. దాని మీద ముక్క పెట్టింది రాహేలు. మధ్యలో ఇప్పుడు గుడ్డు లేదు. గోడ కూడా లేదు. తినకపోవడానికి ఆవిడకు ఒక్క మాట మిగలలేదు. ఇస్సాకు గోడకానుకుని నేల చూస్తున్నాడు.

"అవ్వా" అంది లీలమ్మ భయంభయంగా, "ఇయ్యాల ఒక్కపొద్దు లేదు గద?"

రుక్మిణమ్మ పిల్ల వంక చూసింది. "లేదు బిడ్డా" అంది. ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. ముందు ఇంకొక తుంపు తీసుకుంది, తర్వాతే నోరు విప్పింది. "అడుగున మాడిందే రాహేలూ. అయినా మంచిగున్నది. సల్లగుండు తల్లీ."

రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. దవాఖానకు పోయిన రోజు కూడా ఆమె అంతలా ఏడవలేదు.

సరిగ్గా అప్పుడే నాగమణమ్మ గోడ అవతల నుంచి తొంగి చూసింది. చేతిలో పళ్లెం, అందులో పాలగ్లాసు, రెండు ఖర్జూరాలు. "అత్తమ్మా, పొద్దటి సంది మంచినీళ్లు గూడ ముట్టలే. ఏకాదశి పలారం తెచ్చిన, ఇదన్న..." అంటూనే, తెరిచిన తలుపులోంచి అత్తగారి మూతికంటిన తెల్లటి ఐసింగ్ చూసి, ఆమె నోరలాగే ఉండిపోయింది.

రాహేలు ఏడుపు టక్కున ఆగింది. "పెద్దమ్మా! ఇయ్యాల నిజంగనే ఒక్కపొద్దా?"

రుక్మిణమ్మ మూతి తుడుచుకోలేదు. లీలమ్మను దగ్గరకు లాక్కుని, తల నిమురుతూ కూర్చుంది.

"ఈ పొల్ల పుట్టినప్పటి సంది దీని పుట్టినరోజుకు అబద్ధం ఒక్కపొద్దులు మస్తు ఉన్న గద. వాటి కింద గీ నిజందొక్కటి పోతే పోనియ్. దేవునికి నేను చెప్పుకుంట" అంది. ఆకు ముందుకు జరిపింది. "ఇంకో ముక్క కొయ్యే. ఈసారి మాడని పక్క చూసి కొయ్యి."